గ్రాంటు రాసిపెడతానన్నాయన మాకు సముద్రం రాసిపెట్టాడు, జాగ్రత్త

ఆయన పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. చిన్నదో పెద్దదో సంస్థ నడిపేవాళ్ళందరి ఫోన్లకీ ఆ మెసేజ్ వచ్చే ఉంటుంది. "మీరు సేవ చేయండి, గ్రాంటు సంగతి మేం చూసుకుంటాం." చివర రెండు నమస్కారం బొమ్మలు. ఆ నమస్కారాలకే పడిపోయాను నేను.

ఆయన రాసిపెట్టిన దరఖాస్తు గురించి ఫోన్ కాల్ వచ్చి రెండు రోజులే అయింది. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. వరస తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి.

ముందు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది చిన్న సంస్థ. జీతం తీసుకునేవాళ్ళు ఇద్దరు, తీసుకోనివాళ్ళు మిగతా అందరూ. ఒక ఫౌండేషన్ కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్‌కి గ్రాంట్లు ఇస్తామని దరఖాస్తులు పిలిచింది. భవనాలు కట్టడానికో కంప్యూటర్లు కొనడానికో కాదు. జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ళుండే చోటు గురించి వాళ్ళే మాట్లాడుకుని, వాళ్ళే తేల్చుకునేలా చేసే పనికి. మేం ఏడేళ్ళుగా చేస్తున్నది అచ్చంగా అదే. గడువు ఐదు వారాలు. అంత పెద్ద దరఖాస్తు రాసిన అనుభవం మాలో ఎవరికీ లేదు. అందుకే ఆ మెసేజ్ పెట్టినాయన్ని రాసిపెట్టడానికి పెట్టుకున్నాం. కొంత ముందు, గ్రాంటు వస్తే అందులో 10 శాతం. మా ట్రెజరర్ గారు "శాతం ఏమిటమ్మా, ఇల్లు అమ్మిపెడుతున్నాడా?" అని అప్పుడే అన్నారు. నేను నవ్వేశాను. ఇప్పుడాయన ఒక్క మాట కూడా అనడం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఆయనకి మేం ఏమిచ్చామో చెప్పాలి. చెప్పకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు.

పదకొండు సమావేశాల నోట్సు ఇచ్చాం. తాముండే చోటుకి ఆడవాళ్ళే హాలు నేల మీద సుద్దముక్కతో గీసిన పటం ఫోటోలు ఇచ్చాం. ఆ పటం ఒక్క పూటలో వచ్చింది కాదు. మొదట మా కుర్రాడు చక్కగా గీతలు గీశాడు, స్కేలు పెట్టి గీసినట్టు. ఒక పెద్దావిడ లేచి వచ్చి, కాలి బొటనవేలితో ఒక గీత చెరిపేసి, సుద్దముక్క లాక్కుని, "ఇటు కాదు నాయనా, లైటు వెలగని స్తంభం ఇక్కడ. ఇక్కడి నుంచి అక్కడిదాకా మేం పరిగెత్తుతాం" అని ఇంకో గీత గీసింది. పరిగెత్తే దారి! ఏ సర్వేలో వస్తుందండీ ఆ గీత? ఆ రోజు నుంచి మా పటంలో రెండు రకాల దార్లు, నడిచేవీ పరిగెత్తేవీ. ఆ నోట్సంతా నేనే రాత్రులు కూర్చుని స్కాన్ చేసి పంపాను. అరవై పైచిలుకు పేజీలు. "సూపర్ మేడమ్! దీన్ని నేను ఫండర్ భాషలోకి మారుస్తా" అన్నాడు. ఫండర్ అంటే డబ్బిచ్చేవాళ్ళు.

ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి ఫైలు పంపాడు. ముప్పై ఎనిమిది పేజీలు. అర్ధరాత్రి పోర్టల్ మూసేస్తారు. "డిక్లరేషన్ పేజీ మీద సంతకం చేసి పంపండి చాలు, మిగతాది నేను అప్‌లోడ్ చేసేస్తా." చేశాను. చదవలేదు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది: చదవలేదు. "ఇందులో ఉన్నదంతా నాకు తెలిసినంతవరకు నిజం" అని ఉన్న పేజీ మీద, లోపల ఏముందో తెలియకుండా సంతకం పెట్టిన మహా మేధావిని నేను.

ఇక కాల్.

ఫౌండేషన్‌లో దరఖాస్తులు చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్. చాలా మర్యాదగా, నెమ్మదిగా మాట్లాడారు. కేకలు వేసి ఉంటే బాగుండేది. "నాలుగో పేజీ తెరుస్తారా అండీ?" అన్నారు. తెరిచాను. అదే మొదటిసారి తెరవడం. "వేట నిషేధం రోజుల్లో మత్స్యకార కుటుంబాలు సమావేశాలకు ఎలా వస్తాయని రాశారో కొంచెం వివరిస్తారా?"

మాకు సముద్రం లేదండీ. చెరువు కూడా లేదు. మాకు నీళ్ళంటే కుళాయే.

నోట్లో మాట రాలేదు. ఆవిడే అందుకున్నారు. "మీ సంస్థ పేరు చాలాచోట్ల సరిగ్గానే ఉంది. పదిహేడో పేజీలో మాత్రం ఇంకో సంస్థ పేరుంది. ఇవే పేరాలు ఈ విడతలోనే మరో దరఖాస్తులోనూ వచ్చాయి." కాసేపు ఆగారు. "సంతకం మీదేనా?"

నాదే అన్నాను.

"రెండుసార్లు మెయిల్ పెట్టామండీ, వివరణ అడిగి. జవాబు రాలేదు." ఏ మెయిల్‌కి పెట్టారని అడిగితే ఆవిడ అడ్రస్ చదివి వినిపించారు. అది మాకు రాసిపెట్టినాయనది. మా పోర్టల్ ఖాతా ఆయన తన మెయిల్‌తో తెరిచాడు. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంది. అంటే మా దరఖాస్తు లోపలికి వెళ్ళడానికి తాళంచెవి మా దగ్గర ఎప్పుడూ లేదు. ఈ విడతకి మమ్మల్ని పరిశీలన నుంచి తీసేశామని చెప్పి, ఫోన్ పెట్టేముందు ఆవిడే ఒక మాట అన్నారు: "బడ్జెట్ చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఎంగేజ్‌మెంట్ అని రాసి, జనం రావడానికి ఒక్క ఖర్చూ రాయలేదు."

తర్వాత చూశాను కదా, నిజమే. మేం అడిగింది రానుపోను చార్జీలు, తల్లులు సమావేశంలో ఉన్నంతసేపు పిల్లల్ని చూసుకునే మనిషికి ఇంత, రోజు కూలీ వదులుకుని వచ్చేవాళ్ళకి ఇంత. అవన్నీ ఎగిరిపోయాయి. వాటి స్థానంలో "కెపాసిటీ బిల్డింగ్ వర్క్‌షాప్", "స్టేక్‌హోల్డర్ సదస్సు", "డాక్యుమెంటేషన్ కన్సల్టెంట్". ఆ చివరి కన్సల్టెంట్ ఎవరై ఉంటారో మీరే ఊహించుకోండి.

ఆయనకి ఫోన్ చేశాను. తప్పు జరిగింది అంటాడనుకున్నాను. కనీసం అయ్యో అంటాడనుకున్నాను.

"మేడమ్, ఫైండ్ రీప్లేస్‌లో ఒకటీ అరా మిస్సవుతాయి. సంతకం పెట్టింది మీరు. చదవడం వచ్చు కదా?"

అంటే ఇంకొకరి ఫైల్లో పేరు మార్చి మాకు అంటగట్టానని ఒప్పుకున్నట్టే. పైగా పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పించే క్లాసులు నడుపుతున్నదాన్ని అడిగాడు, చదవడం వచ్చా అని. చెంప మీద కొట్టినట్టయింది. ఇంకా బాధేమిటంటే ఆ ఒక్క విషయంలో ఆయన చెప్పింది నిజం.

అయినా ఆపుకుని అడిగాను. మేం పంపిన నోట్సు, ఆ పటం, అదంతా ఏమైందండీ అని.

"అదా? ఫైలు పెద్దగా ఉంది మేడమ్, ఓపెన్ చేయలేదు. అవన్నీ ఎవరూ చదవరు. ఫండర్‌కి కావాల్సింది ఫార్మాట్."

ఓపెన్ చేయలేదు.

డబ్బు పోయినందుకు ఏడవలేదు నేను. ఈ మాటకి ఏడ్చాను. పదకొండు సాయంత్రాలు జనం పని మానుకుని వచ్చి చెప్పుకున్న మాటలు ఆ మనిషి ఫోనులో డౌన్‌లోడ్ కూడా కాకుండా పడున్నాయి. పైన మాత్రం "ప్రజలే కేంద్రంగా రూపొందించిన ప్రతిపాదన" అని పెద్దక్షరాల్లో ఉంది. "సాధికారత" అన్న మాట ఎన్నిసార్లు వాడాడో లెక్కపెట్టాను, నిద్ర పట్టక. ఇరవై ఏడు.

ఆ రాత్రి కోపంలో చాలా చదివాను. ముందే చదవాల్సినవి. చేతులు కాలాక ఆకులంటే ఇదే. అమెరికాలో నిధుల సేకరణ చేసేవాళ్ళకి ఒక సంఘం ఉంది, అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ అని. గ్రాంట్లు రాసేవాళ్ళకి విడిగా గ్రాంట్ ప్రొఫెషనల్స్ అసోసియేషన్ ఉంది. ఈ రెండింటి నీతి నియమాల్లోనూ వచ్చిన సొమ్ములో శాతం తీసుకోకూడదనే ఉంది. ఎందుకో ఆలోచిస్తే మా ట్రెజరర్ గారికి ఊరికే తట్టిన కారణమే. గ్రాంటు ఇచ్చేది రాసిన పనికి. అందులోంచి 10 శాతం రాసిపెట్టినవాడికి పోతే, ఖర్చుల లెక్కలో దాన్ని ఏ పద్దు కింద చూపిస్తాం? ఇంకో పేరు పెట్టి దాచాలి. అంటే మొదటి రోజే అబద్ధంతో మొదలు. పైగా శాతం మీద బతికేవాడికి పది మందికి ఒకే పేరా పంపి ఒక్కరికి తగిలినా లాభమే. మా సముద్రం అలాగే వచ్చింది.

గంటకింతని, పనికింతని మాట్లాడుకుని నిజాయతీగా రాసిపెట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళని అనడం లేదు. ఊరికే దొరికేదాన్ని కూడా అమ్ముకునేవాళ్ళు వేరే ఉన్నారు. అమెరికా ప్రభుత్వ గ్రాంట్ల పోర్టల్ గ్రాంట్స్.గవ్‌లో దరఖాస్తు ఉచితం. దానికి ముందు చేయాల్సిన శామ్.గవ్ నమోదూ ఉచితమే. ఆ నమోదు చేసిపెడతామని డబ్బు గుంజేవాళ్ళు అక్కడా ఉన్నారట. మనం ఒక్కళ్ళమే బుద్ధిహీనులం కాదని కొంచెం ఊరట.

ఇంకోటి. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చెప్పారు. అన్నిటికంటే కింది మెట్టు, జనాన్ని పేరుకి కమిటీలో కూర్చోబెట్టి వాళ్ళ పేరు వాడుకోవడం. పై మెట్టు, అధికారం వాళ్ళ చేతిలోనే ఉండటం. మధ్యలో సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం లాంటివి. మా దరఖాస్తు ఏ మెట్టు మీద ఉందా అని వెతికాను. నిచ్చెనకి ఆనుకుని నేల మీద ఉంది. అయినా మెట్లు ఎక్కించాల్సింది ఆయన కాదు కదా, నేను. ఆఖరి ముసాయిదా ఆ ఆడవాళ్ళ ముందు పెట్టి ఒక్కసారి గట్టిగా చదివి ఉంటే, "సముద్రం ఎక్కడుందమ్మా?" అని మొదటి నిమిషంలోనే అడిగేవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టడమే పనిగా పెట్టుకున్నదాన్ని, ఆ ఒక్కసారి మాత్రం కూర్చోబెట్టలేదు.

సలహా అంటారా, నేనెవర్ని ఇవ్వడానికి. సరే, రెండు ముక్కలు. పోర్టల్ ఖాతా సంస్థ మెయిల్‌తో మీరే తెరవండి, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. శాతం అన్నవాడికి అక్కడే దణ్ణం పెట్టేయండి. గడువుకి నాలుగు రోజుల ముందు పూర్తి ఫైలు చేతికి రాకపోతే ఆ విడత వదిలేయండి, ఇంకో విడత వస్తుంది. అర్థం కాని చోట ప్రోగ్రామ్ ఆఫీసర్‌కే నేరుగా ఫోన్ చేయండి. వాళ్ళేం కొరకరు. నాతో మాట్లాడినావిడ నేను ముందే అడిగి ఉంటే అరగంట కూర్చుని చెప్పేవారనిపించింది.

అడ్వాన్సు తిరిగి అడిగాను. బ్లాక్ చేశాడు. రాతపూర్వక ఒప్పందం ఉందా అని అడగకండి, దయచేసి.

ఆదివారం సమావేశం ఉంది. ఆ పెద్దావిడ మొదటి వరసలోనే కూర్చుంటుంది. ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

ఆయనతో రాయించుకున్నవాళ్ళు మీలో ఉంటే ఇప్పుడే ఆ ఫైలు తెరిచి "మత్స్యకార" అని వెతకండి. దొరికితే, మీరు నిజంగానే తీరంలో పనిచేసేవాళ్ళయితే, ఆ పేరా మీదే అయి ఉంటుంది. నాకు చెప్పండి. మీకు మేం క్షమాపణ బాకీ ఉన్నాం.