పాత వాషింగ్ మెషిన్ ప్రకటనల్లో తప్పు పట్టడానికి ఏది మేలు: మెషినా, మాన్యువలా?

1930ల నుంచి 1950ల దాకా అమెరికన్ పత్రికల్లో వచ్చిన వాషింగ్ మెషిన్ ప్రకటనలను సేకరించే పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది: బొమ్మలో తప్పుందో లేదో తేల్చుకోవడానికి అసలు మెషిన్‌తో పోల్చి చూడాలా, దానితోపాటు కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌తోనా? రెండింటిలో ఒకటే దొరుకుతుందంటే నేను మాన్యువల్‌నే కోరుకుంటాను.

రంగు, ఎత్తు, తలుపు తెరుచుకునే వైపు, పిడి వంపు వంటి ఆకార విషయాల్లో మెషిన్‌ను మించిన సాక్ష్యం లేదన్నది నిజమే. వంటింట్లో ఇమిడిపోయినట్టు కనిపించాలని చిత్రకారుడు మెషిన్‌ను కుదించి గీసి ఉంటే, టేపు పట్టి కొలిచినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. అయితే డెబ్బై ఎనభై ఏళ్లు గడిచిన మెషిన్‌కు ఎన్నో రిపేర్లు జరిగి ఉంటాయి. వేరే మోడల్ నాబ్ బిగించి, మూత మార్చి, మళ్లీ రంగు వేసిన మెషిన్‌ను నమ్ముకుంటే, సరిగ్గా ఉన్న ప్రకటనకే తప్పు అంటగట్టే ప్రమాదం ఉంది.

నా దృష్టిలో అసలు తేడా తేల్చేది పనితీరు. చిత్రకారులు ఆకారాన్ని చూసి గీయగలిగారు కానీ, మెషిన్ ఎలా పనిచేస్తుందో అందరికీ తెలియదు. రింగర్ మెషిన్ (తొట్టి పైన ఉండే రెండు రోలర్ల మధ్య నొక్కి బట్టలు పిండేది) బొమ్మనే తీసుకోండి. రోలర్ల మధ్య నుంచి చొక్కా ఏ దిక్కుకు పోతోందన్నది తప్పుకు గుర్తు కాదు, ఎందుకంటే చాలా మోడళ్లలో రింగర్‌ను తిప్పుకుని, ఉతికిన తొట్టి నుంచి జాడించే తొట్టికీ, అక్కడి నుంచి బుట్టలోకీ బట్టలు పిండేవారు. చూడవలసింది బట్ట రూపాన్ని: రోలర్లలోకి వెళ్లే వైపు అది ఉబ్బి నీళ్లు కారుతూ ఉండాలి, బయటికి వచ్చే వైపు పలకలా అణిగి ఉండాలి. బుట్టలోకి దిగుతున్న బట్ట నుంచి ధారగా నీళ్లు కారుతున్నట్టు గీస్తే అది కచ్చితంగా తప్పే. మాన్యువల్‌లో పని వరుస చదివినవారికి ఇది చూడగానే తెలుస్తుంది.

1937లో వచ్చిన బెండిక్స్ ఫ్రంట్ లోడ్ మెషిన్ (ముందు వైపు తలుపు నుంచి బట్టలు వేసేది) విషయం ఇంకా స్పష్టం. దాన్ని నేలకు బోల్టులతో బిగించాల్సిందే, లేకపోతే బట్టలు పిండే వేగానికి నిలవదు. అందువల్ల ఆ తొలి మోడల్‌ను తివాచీ మీద నిలబెట్టిన బొమ్మ తప్పు. అదే బొమ్మలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఫ్రంట్ లోడ్ మెషిన్ లాండ్రోమాట్ ఉంటే ఆ మాట అనలేం, ఎందుకంటే బోల్టుల అవసరం లేకపోవడాన్నే ఆ కంపెనీ గొప్పగా చాటుకుంది. ఈ తేడాను మాన్యువల్‌లో బిగింపు గురించి చెప్పే పేజీ నిర్ణయిస్తుంది. గాజు తలుపు పైఅంచు దాకా నురుగు నిండిన బొమ్మలను కూడా ఇలాగే పట్టవచ్చు: ఫ్రంట్ లోడ్‌లో బట్టలు పైకి లేచి కిందికి పడితేనే మురికి వదులుతుంది, నురుగు ఎక్కువైతే ఆ దెబ్బ తగలదు. ఫ్రిజిడైర్ మెషిన్‌లో నీళ్లను కదిలించే పల్సేటర్ అనే భాగం పైకీ కిందికీ కదిలేది కాబట్టి, దాని బొమ్మలో నీళ్లు అటూ ఇటూ తిరుగుతున్నట్టు బాణాలు వేస్తే అదీ పొరపాటే.

ఒక ప్రకటనను మరో ప్రకటనతో పోల్చడం అద్దంలో బొమ్మలా తిరగేసి అచ్చేసిన ఫొటోలను పట్టడానికి పనికొస్తుంది: మెషిన్ మీది పేరును మళ్లీ సరిగ్గా అతికించినా, పెళ్లి ఉంగరం కుడి చేతికి వెళ్లిపోతుంది. పేటెంట్ చిత్రాలు అమ్మకానికి వచ్చిన మెషిన్‌తో కలవాలని లేదు గనుక వాటితో పెద్దగా పని లేదు. కరెంటు తీగ, గొట్టాలు కనిపించకపోవడాన్ని మాత్రం తప్పుల లెక్కలో వేయకండి, బొమ్మ శుభ్రంగా కనిపించడానికి వాటిని కావాలనే చెరిపేసేవారు.

మాన్యువల్ కొనేటప్పుడు అట్ట మీది మోడల్ నంబరు ప్రకటనలోని మోడల్‌దేనా అని సరిచూసుకోండి, పేరు అదే ఉన్నా మోడల్ మారితే డయల్ మీది వరుస కూడా మారిపోవచ్చు.