కొడైకెనాల్‌లో వీకెండ్: సరస్సు పక్కన దిగాలా, దూరంగా దిగాలా?

శని, ఆదివారాలకి కొడైకెనాల్ వెళ్దామనుకునేవాళ్లు చూడాల్సిన చోట్ల జాబితా పక్కనపెట్టి ముందు బస సంగతి తేల్చుకుంటే మంచిది. ఊరు చిన్నది, రోడ్లు ఇరుకు. పొద్దున పదకొండు దాటిందంటే సరస్సు చుట్టూ కార్లు కదలవు. దిగిన చోటి నుంచి నడిచి సరస్సుకి వెళ్లగలిగితే ట్రిప్పు ఒక తీరుగా సాగుతుంది, ప్రతిదానికీ కారెక్కాల్సి వస్తే ఇంకో తీరుగా. మేం ఒక రాత్రి అలా, ఒక రాత్రి ఇలా ఉండి చూశాం.

మదురై దాకా విమానంలో వెళ్లి అక్కడ టాక్సీ మాట్లాడుకున్నాం. దాదాపు 120 కిలోమీటర్లు, నాలుగు గంటలు పట్టింది. రైల్లో వచ్చేవాళ్లు కొడై రోడ్ స్టేషన్‌లో దిగాలి. పేరు చూసి ఊళ్లోనే ఉందనుకోకండి, అక్కడి నుంచి ఇంకా 80 కిలోమీటర్లుంది, అందులో చాలా భాగం ఘాట్ రోడ్డే. మలుపుల్లో కడుపు తిప్పుతుంది, టిఫిన్ తక్కువ తినమని అమ్మకి చెప్పాం. వినలేదు. ఆవిడకేం కాలేదు, చెప్పిన మా ఆయనకే మాత్ర వేయాల్సి వచ్చింది.

సొంత కారులో, టాక్సీలో వెళ్లేవాళ్లకి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, ఉండాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి మొదలైంది. 2025 వేసవిలో అయితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజుకి 4,000 వాహనాలు, వారాంతాల్లో 6,000 అని పరిమితి కూడా పెట్టారు. ప్రభుత్వ బస్సులో వెళ్తే ఈ గొడవ లేదు. టాక్సీవాళ్లు "మేం చూసుకుంటాం సార్" అంటారు గానీ పాస్ ఫోన్‌లో కళ్లారా చూశాకే బయలుదేరండి. చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా పైకి తీసుకెళ్లనివ్వరు, స్టీలు బాటిల్ పెట్టుకోండి.

మొదటి రాత్రి ఊరికి దూరంగా, వట్టకానల్ వైపు ఒక కాటేజీలో దిగాం. తెల్లారి కిటికీ తీస్తే లోయ నిండా మబ్బులు. ఫోటోల్లో చూపించింది అబద్ధం కాదు. మిగతావే చెప్పలేదు. రాత్రి భోజనం కావాలంటే సాయంత్రమే చెప్పాలి, వాళ్లు వండిందే తినాలి, రేటు ఊళ్లో కంటే బాగా ఎక్కువ. వేడినీళ్లు పొద్దున కాసేపే వస్తాయి. గది హీటరుకి విడిగా డబ్బులు. చలిమంట ఉచితమన్నారు, తీరా బిల్లులో కట్టెల ఖర్చు వేశారు. అడిగితే "మంట ఉచితమే మేడమ్, కట్టెలకే" అన్నాడు కుర్రాడు, నవ్వకుండా. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. ఆ ఎత్తులో, ఆ మంచులో చెమ్మ తప్పదని సర్దుకున్నాం గానీ, చీకటి పడ్డాక ఊళ్లోకి వెళ్దామంటే టాక్సీలు రామన్నాయి. ఆటోలు అక్కడ మాకు కనిపించనే లేదు. కొత్త జంటలకి, పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్లకి ఆ చోటు స్వర్గమే. పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం వద్దంటాను.

మర్నాడు సరస్సుకి పది నిమిషాల నడకలో ఉన్న పాత హోటల్‌కి మారిపోయాం. కిటికీలోంచి పార్కింగ్ తప్ప ఏమీ కనిపించదు. రాత్రి పదకొండు దాకా కింద హారన్లు, పిల్లల కేకలు. కానీ వేడినీళ్లు ఎప్పుడడిగితే అప్పుడు, ఇడ్లీ పొగలు కక్కుతూ, అడుగు బయటపెడితే సందడి. మళ్లీ వెళ్తే ఇలాంటి చోటే చూసుకుంటాను, కాకపోతే రోడ్డు వైపు కాకుండా వెనకవైపు గది అడుగుతాను.

ఈ సరస్సు సహజంగా ఏర్పడింది కాదు. మదురై కలెక్టరుగా చేసిన లెవింజ్ 1863లో వాగుకి కట్ట వేయించి నింపించాడు. నక్షత్రం ఆకారంలో ఉంటుందంటారు, ఒడ్డున నిలబడితే అదేం తెలియదు. ఎగువనున్న వ్యూ పాయింట్ నుంచి చూస్తేనే ఆ కోణాలు కనిపిస్తాయి. చుట్టూ రోడ్డు దాదాపు 5 కిలోమీటర్లు. అద్దె సైకిళ్లు పొద్దున్నే దొరుకుతాయి. ఆ వేళ నీళ్లమీద పొగలా మంచు, రోడ్డు మీద వాకింగ్ చేసే ఊరివాళ్లు, అంతే. అదే రోడ్డు మీద సాయంత్రం గుర్రాలు, మొక్కజొన్న పొత్తులు, మిరపకాయ బజ్జీలు, సెల్ఫీలు, తిరునాళ్లలా ఉంటుంది. రెండూ బాగున్నాయి, సైకిల్ మాత్రం పొద్దున్నే తొక్కండి. తీసుకునే ముందు బ్రేకులు చూసుకోండి, మాకిచ్చిన వాటిలో ఒకదానికి వెనక బ్రేకు పేరుకే ఉంది. పడవకి మధ్యాహ్నం క్యూలో నిలబడితే అరగంట ప్రయాణానికి గంటన్నర పోయింది. పెడల్ బోటు తొక్కలేక కాళ్లు లాగేస్తాయి, తెడ్లు వేసే మనిషున్న పడవే నయం.

ఇక టాక్సీవాళ్ల సైట్‌సీయింగ్ కార్డు, అంటే వాళ్లు తిప్పే చోట్ల జాబితా, గురించి. పిల్లర్ రాక్స్, గుణ గుహలు, పైన్ అడవి, వరసగా తిప్పుతారు. పిల్లర్ రాక్స్ అంటే 122 మీటర్ల ఎత్తున్న మూడు రాతి స్తంభాలు. మేం వెళ్లినప్పుడు మబ్బు కమ్మేసి తెల్లటి తెర తప్ప ఏమీ లేదు, డ్రైవరన్న "పది నిమిషాలాగండి" అంటే ఆగాం, అరనిమిషం తెరుచుకుని మూసుకుంది. ఆ అరనిమిషం బాగుంది. గుణ గుహల దగ్గర లోపలికి దిగనివ్వరు, కంచె అవతల నుంచి చూడటమే. 2024లో వచ్చిన మలయాళ సినిమా 'మంజుమ్మెల్ బాయ్స్' పుణ్యమా అని జనం మాత్రం విరగబడ్డారు. దానికి పెట్టిన సమయం నాకైతే దండగ. కోకర్స్ వాక్ కార్డులో ఉన్నా కారు అక్కర్లేదు. కొండ అంచున కిలోమీటరు కాలిబాట, 1872 నాటిది, అమ్మ కూడా హాయిగా నడిచింది.

జాబితాలో చివర ఉండేదీ, నాకు అన్నిటికన్నా నచ్చిందీ సౌర వేధశాల. సూర్యుడి మచ్చల్లో వాయువులు మచ్చ మధ్య నుంచి బయటికి ప్రవహిస్తాయని శాస్త్రవేత్త జాన్ ఎవర్షెడ్ 1909లో కనిపెట్టింది ఇక్కడే. చిన్న మ్యూజియం, జనం తక్కువ. సమయాలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

కొనడానికి చాక్లెట్లు, నీలగిరి తైలం ప్రతి కొట్లోనూ ఉంటాయి. చాక్లెట్లు రుచి చూసి కొనండి, కొన్ని ఒట్టి చక్కెర. అసలు తెచ్చుకోవాల్సింది కొండ వెల్లుల్లి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఘాటు ఎక్కువ, చాలాకాలం నిల్వ ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి దిగుదామనుకుంటే చిక్కే. మేం టిఫిన్ కాగానే బయలుదేరినా ఊరికి 8 కిలోమీటర్ల దూరంలోని సిల్వర్ కాస్కేడ్ జలపాతం దగ్గర కార్లు సగం రోడ్డు మీదే ఆపేసి ఉన్నాయి. దిగుతారా అని అడిగాడు డ్రైవరు. అమ్మ అద్దం దించి చూసి, "ఇక్కణ్నుంచే బాగా కనిపిస్తోంది, పోనీ బాబూ" అంది.