నిఘా సంస్థల్ని దాడికి ముందే నిలదీయాలంటే: రహస్య కమిటీయా, బహిరంగ విచారణా, బయటి కమిషనా?

పిల్లల్ని అమెరికా చదువుకు పంపిన ఇళ్లల్లో సేవిస్ ఫీజు అంటే తెలియనివాళ్లుండరు. వీసా ఇంటర్వ్యూకి ముందే 350 డాలర్లు కట్టి, రసీదు ప్రింటు తీసి, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంతో పాటు ఫైల్లో పెట్టుకుంటాం. సేవిస్ అంటే విదేశీ విద్యార్థి కాలేజీలో చేరాడా, చదువుతున్నాడా అని చూసే కంప్యూటర్ వ్యవస్థ. మొదలైంది 2003లో. కానీ అలాంటిది ఒకటి పెట్టాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది 1996లో. ఆ 7 ఏళ్ల మధ్యలోనే 2001 సెప్టెంబర్ 11 వచ్చింది, 2,977 మంది చనిపోయారు.

1993 ఫిబ్రవరి 26న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద పార్కింగ్‌లో వ్యాను బాంబు పేలి 6 మంది చనిపోయారు. ఆ కుట్రలో ఒకడు స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదువు మానేసి, ఎవరి లెక్కలోనూ లేకుండా ఉండిపోయినవాడు. 1996 చట్టం వచ్చాక కొన్ని విద్యాసంస్థల్లో ప్రయోగాత్మకంగా నమోదు నడిపారు. ఫీజు వసూలు మావల్ల కాదని యూనివర్సిటీలు అడ్డం తిరిగాయి. పని నెమ్మదించింది. 2000 డిసెంబర్‌లో హనీ హంజూర్ ఇంగ్లిష్ కోర్సుకని స్టూడెంట్ వీసా మీద దిగాడు, ఆ స్కూలు గడప తొక్కలేదు. తొమ్మిది నెలల తర్వాత పెంటగాన్‌ను ఢీకొట్టిన విమానాన్ని నడిపింది అతనే.

ఆ వ్యవస్థ అప్పటికే ఉంటే దాడి ఆగిపోయేదని నేననను. నా బాధ వేరు. చట్టం చేసిన సభే "మనం చెప్పిన పని ఎక్కడిదాకా వచ్చింది?" అని వెంటపడి అడగలేదు. విద్యార్థుల నమోదైనా, గూఢచారి సంస్థల పనైనా, అడగడానికి ఆ సభ చేతిలో మూడు దారులున్నాయి.

మొదటిది గూఢచారి సంస్థల పనిని తలుపులు మూసుకుని పర్యవేక్షించే నిఘా కమిటీ. సెనెట్‌లో 1976లో, ప్రతినిధుల సభలో 1977లో వచ్చాయి. గూఢచారి సంస్థలు సొంత పౌరుల మీదే నిఘా పెట్టాయని సెనెట్ వేసిన చర్చ్ కమిటీ అనే విచారణ సంఘం బయటపెట్టాక పుట్టినవి కాబట్టి, ఈ సంస్థలు హద్దు దాటుతున్నాయా అన్నదే వీటి మొదటి ధ్యాస. పనిలో విఫలమవుతున్నాయా అన్నది ఆ తర్వాతి మాట. ఈ దారికున్న పెద్ద బలం, అసలు ఫైళ్లు చూడగలగడం. బలహీనతలు మూడున్నాయి. లోపల విన్నది సభ్యులు బయట చెప్పలేరు. సెనెట్ కమిటీలో ఎవరూ 8 ఏళ్లకు మించి ఉండకూడదన్న నియమం ఉండేది, విషయం పట్టు దొరికేసరికి దిగిపోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, డబ్బు వీళ్ల చేతిలో లేదు. నిఘా బడ్జెట్ రక్షణ బడ్జెట్‌లో కలిసిపోయి, నిధులిచ్చే వేరే కమిటీకి వెళ్లేది. పర్సు ఒకరి దగ్గర, ప్రశ్న ఇంకొకరి దగ్గర ఉంటే అధికారి ఎవరి మాట వింటాడో మన పంచాయతీ ఆఫీసులో పని చేసినవాళ్లకు కూడా తెలుసు.

2001 ఫిబ్రవరి 7న సీఐఏ డైరెక్టర్ జార్జ్ టెనెట్ సెనెట్ నిఘా కమిటీ ముందు కూర్చుని, బిన్ లాడెన్, అతని అనుచరుల నెట్‌వర్క్ అన్నిటికన్నా తక్షణ, తీవ్ర ప్రమాదమని బాహాటంగానే చెప్పారు. అంటే హెచ్చరిక వినిపించింది. మరి ఏం చేస్తున్నారు, దేశంలోపల దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐతో ఏం పంచుకుంటున్నారు అని నెలనెలా పిలిచి అడిగే అలవాటు మాత్రం ఆ సభలో లేదు.

రెండోది బహిరంగ విచారణ. ప్రతినిధుల సభలో క్రిస్టఫర్ షేస్ అనే సభ్యుడు నడిపిన ఉపకమిటీ సెప్టెంబర్ 11కి ముందే ఉగ్రవాదం మీద విచారణలు పెట్టింది. ప్రజలకు వినపడుతుంది, పత్రికలు రాస్తాయి, అధికారికి టెన్షన్ ఉంటుంది. కానీ 2001 జులై 18న ఏం జరిగిందో చూడండి. కాంగ్రెస్ విచారణలకు సీఐఏ సహకరించకపోవడమే అంశంగా ఆ ఉపకమిటీ మరో ఉపకమిటీతో కలిసి విచారణ పెడితే, దానికీ సీఐఏ రాలేదు. తమను అడిగే హక్కు నిఘా కమిటీలదేనని ఆ సంస్థ వాదన. రెండు నెలలైనా తిరక్కుండానే విమానాలు కూలాయి. పిలిచినా రానివాళ్లను రప్పించే బలం లేకపోతే ఆ విచారణకు కోరలుండవు.

మూడోది బయటి నిపుణుల కమిషన్. నిజం చెప్పడంలో దీనికి సాటి లేదు. ఎన్నికల భయం ఉండదు, సంస్థలతో మొహమాటం ఉండదు. అమెరికన్లు తమ సొంత గడ్డ మీదే, బహుశా పెద్ద సంఖ్యలో చనిపోతారని, దేశ భద్రత మీద వేసిన హార్ట్-రడ్‌మన్ కమిషన్ 1999లోనే రాసింది. అంతర్గత భద్రతకు ప్రత్యేక సంస్థ కావాలని 2001 మొదట్లో చెప్పింది. ఉగ్రవాదం మీద కాంగ్రెస్ చట్టంతో ఏర్పడిన బ్రెమర్ కమిషన్ 2000 జూన్‌లో ఇచ్చిన నివేదికలో విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థను దేశమంతా పెట్టమని కూడా ఉంది. అదే మన సేవిస్! రాసినవాళ్లు రాసి వెళ్లిపోయారు. నివేదిక ఇచ్చాక కమిషన్ ఉండదు, ఫాలోఅప్ చేయడానికి మనిషి మిగలడు.

దాడి తర్వాత అదే కాంగ్రెస్ ఎంత గట్టిగా అడగగలదో చూపించింది. 2002 సెప్టెంబర్‌లో రెండు సభల నిఘా కమిటీల ఉమ్మడి విచారణలో ఒక ఎఫ్‌బీఐ ఏజెంట్ తెర వెనక కూర్చుని సాక్ష్యం చెప్పాడు. ముఖం కనపడదు, పేరు చెప్పరు. తర్వాత హైజాకర్లలో ఒకడైన ఖాలిద్ అల్-మిహ్‌ధార్ దేశంలోనే ఉన్నాడని తెలిసి, వెతకడానికి నేర విచారణ విభాగాన్ని కూడా దింపమని అడిగితే, నిఘా సమాచారాన్ని నేర విచారణవాళ్లతో పంచుకోవడం మీదున్న నిబంధనల పేరుతో పైవాళ్లు వద్దన్నారు. "ఏదో ఒకరోజు ఎవరో చనిపోతారు" అని అతను 2001 ఆగస్టు 29న ఈమెయిల్ రాశాడు. పదమూడు రోజుల ముందు! ఆ నిబంధనలు క్షేత్రంలో ఎలా అడ్డుపడుతున్నాయో 2000లోనే ఇలాంటి ఏజెంట్లను కూర్చోబెట్టి అడిగి ఉండొచ్చు. తెర అప్పుడూ కట్టొచ్చు.

కాబట్టి ఒక్కటే ఎంచుకోమంటే నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను, కానీ డబ్బు అధికారం ఇచ్చి. ఫైళ్లు చూసే హక్కు, నిధులు ఆపే హక్కు ఒకే చేతిలో ఉండాలి. సభ్యుల్ని అనుభవం రాగానే దించేయకూడదు. కమిషన్ నివేదిక వస్తే ఎన్ని రోజుల్లో ఏం చేశారో ఆ కమిటీ ముందే, కనీసం కొంత భాగం బహిరంగంగా, అధికారులు చెప్పాలి. అప్పుడు మూడో దారిలోని నిజాయితీ, రెండో దారిలోని వెలుగు రెండూ దానికి తోడవుతాయి.

మన పార్లమెంటులో ఇలాంటి కమిటీ అసలే లేదు. హోంశాఖ స్థాయీ సంఘం ఆ శాఖ పద్దులు చూస్తుంది. ఐబీని, రా సంస్థను నిలదీయడానికే ఏర్పడిన కమిటీ మాత్రం లేదు. 2011లో ఒక ఎంపీ ప్రైవేటు బిల్లు పెట్టినా ముందుకు సాగలేదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాద్ లుంబినీ పార్కు, గోకుల్ చాట్ బాంబు పేలుళ్లలో 42 మందిని పోగొట్టుకున్న ఊరివాళ్లుగా, ఎంపీ ఓట్లడగడానికి వచ్చినప్పుడు మనం ఈ సంగతి అడగాలి.

అమెరికాలో ఆ దాడి మీద విచారణ జరిపిన 9/11 కమిషన్ 2004 జులైలో తన సిఫార్సులన్నిటిలో కాంగ్రెస్ పర్యవేక్షణను బాగుచేయడమే చాలా కష్టమైన, ముఖ్యమైన పనుల్లో ఒకటి కావచ్చని రాసింది. కొత్త అంతర్గత భద్రతా శాఖ అధికారులు 88 కమిటీలు, ఉపకమిటీల ముందు హాజరు కావాల్సి వస్తోందని లెక్క చెప్పింది. ఆ ఏడాదే సెనెట్ 8 ఏళ్ల నియమం ఎత్తేసింది. పర్యవేక్షణ, నిధులు ఒకే కమిటీకి ఇవ్వడానికి మాత్రం రెండు సభలూ ఒప్పుకోలేదు.