కార్నూస్టీలో బంతి పడిన చోట ఆగదు

స్కాట్లాండ్‌లోని కార్నూస్టీ ఛాంపియన్‌షిప్ గోల్ఫ్ కోర్సులో ఆడదామనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను గోల్ఫ్ నేర్చుకున్నది వైజాగ్‌లో, ఉద్యోగం డండీలో ఒక ఆసుపత్రిలో. డండీ నుంచి కార్నూస్టీకి రైల్లో పావుగంట ప్రయాణం.

నేను వెళ్లింది జులైలో, వానలు మొహం చాటేసిన రోజుల్లో. ఫెయిర్‌వేలు (గడ్డి కత్తిరించిన ఆట దారులు) ఎండుగడ్డి రంగుకి తిరిగాయి, అడుగు వేస్తే బూటు కింద కరకరమన్నాయి. చూసి నిరాశపడకండి. కింద ఇసుక నేల, పైన ఫెస్క్యూ అనే సన్నగడ్డి. నీరు నిలవదు, మిగిలిన తేమను సముద్రపు గాలి లాగేస్తుంది. ఈ కోర్సు అసలు రూపం అదే.

కోర్సులోని పద్దెనిమిది భాగాల్లో ఒక్కోదాన్నీ హోల్ అంటారు. ఆరో హోల్‌కి 1953లో ఇక్కడ ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచిన బెన్ హోగన్ పేరు పెట్టారు. అక్కడ డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర) నా షాట్ చక్కగా తగిలి ఫెయిర్‌వే మధ్యలో పడింది. వైజాగ్‌లో వానాకాలం అయితే అక్కడే ఆగేది. ఇక్కడ ఇంకో నలభై గజాలు దొర్లి బంకర్లోకి (ఇసుక గుంటలోకి) దిగింది. ఎదురుగా నడుము ఎత్తు గోడ. వెనక్కి కొట్టి బయటపడ్డాను. బ్యాగు మోస్తూ సలహా చెప్పే క్యాడీ పెద్దాయన ఏమీ అనలేదు. తర్వాతి హోల్లో నేను డ్రైవర్ తీయబోతే, బ్యాగు అటు తిప్పి నాలుగో ఐరన్ (డ్రైవర్ కన్నా తక్కువ దూరం కొట్టే ఇనుప కర్ర) చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) మీదికి నేరుగా వేయనివ్వలేదు. ఇరవై గజాల ముందున్న ఏదో గడ్డి మచ్చ చూపించి, అక్కడ పడేలా కొట్టమనేవాడు. ముప్పై గజాల నుంచి పుటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర) వాడటం నాకదే మొదటిసారి.

2018 ఓపెన్‌ని ఇక్కడే స్టాండ్‌లో కూర్చుని చూశాను. అదీ ఎండు వేసవే. టైగర్ ఉడ్స్ టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర ఎక్కువగా ఐరన్లే పట్టాడు. రోరీ మెకెల్‌రాయ్ వీలైనప్పుడల్లా డ్రైవర్‌తో దూకుడుగా ఆడాడు. ఫ్రాన్సెస్కో మోలినారీ చివరి రెండు రోజులూ ఒక్క బోగీ (హోల్‌కి నిర్ణయించిన లెక్క కన్నా ఒక దెబ్బ ఎక్కువ) లేకుండా, మొత్తం లెక్క కన్నా 8 దెబ్బలు తక్కువతో గెలిచాడు. కోర్సు పొడవు 7,402 గజాలైనా, దూరం కొట్టేవాడిదే పైచేయి కాలేదు. నేల తడిగా ఉంటే కాస్త వంకర బంతి కూడా ఫెయిర్‌వేలోనే నిలుస్తుంది. గట్టి నేల మీద అది దొర్లుతూ రఫ్‌లోకో (పొడుగు గడ్డిలోకో) వాగులోకో పోతుంది.

నేల ఇలా ఎండటానికీ ఒక హద్దుండాలి. 2004 యూఎస్ ఓపెన్‌లో షిన్నెకాక్ కోర్సులో ఏడో గ్రీన్ ఎంత ఎండిందంటే, చివరి రోజు ఆట మధ్యలో నీళ్లు చల్లాల్సి వచ్చింది. కార్నూస్టీలో నాకు బాగా నచ్చింది ఇదే: ఫెయిర్‌వేలు పరుగెత్తిస్తాయి, గ్రీన్లు మాత్రం ఆ గాలికి తగినట్టు నిదానంగా ఉంటాయి. మంచి పుట్ కొడితే దక్కుతుంది.

మోకాళ్ల నొప్పులుంటే మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి, పద్దెనిమిది హోల్సూ గట్టి నేల మీద నడవాలి. క్యాడీ ఖర్చుకి వెనకాడొద్దు. ఎండ కాస్తున్న వారం చూసుకుని వెళ్లండి. ఈసారి నేను మా అబ్బాయిని తీసుకెళ్తున్నాను, వాడి డ్రైవర్ ఇంట్లోనే ఉంచేసి.