ప్రతి పంటకూ సున్నా నుంచి: ఏడేళ్ల పాత్ ఆఫ్ ఎగ్జైల్

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. వడ్లు దిగే రోజుల్లో కాటా దగ్గరే తెల్లవారుతుంది. ఆ పని లేని రాత్రుల్లో నేను ఆడే వీడియో గేమ్ ఒక్కటే, పాత్ ఆఫ్ ఎగ్జైల్. 2018లో డెల్వ్ అనే లీగ్ (ఆటలో ఒక కొత్త విడత) మొదలైన వారంలో దించుకున్నాను. మధ్యలో వేరే ఆటలు రెండు మూడు చూశాను గానీ ఏదీ నెలకు మించి నిలవలేదు. ఇదొక్కటే ఎందుకు నిలిచిందో చాలాసార్లు ఆలోచించాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు చెందిన గ్రైండింగ్ గేర్ గేమ్స్ చేసిన ఆట ఇది. 2013 అక్టోబరులో విడుదలైంది. ఆడటానికి పైసా కట్టనవసరం లేదు. దేశం నుంచి వెళ్లగొడితే రేక్లాస్ట్ అనే పాడుబడ్డ నేల ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి మనం. పైనుంచి చూస్తూ ఆడతాం, శత్రువులు గుంపులుగా మీదికొస్తారు, చంపితే సామాన్లు రాలతాయి. ఇంతవరకు ఇలాంటి ఆటలన్నీ ఒకటే.

నన్ను పట్టి ఉంచింది లీగ్. మూడు నాలుగు నెలలకోసారి కొత్త లీగ్ మొదలవుతుంది. పాత లీగ్‌లో కూడబెట్టినదంతా స్టాండర్డ్ అనే పక్క ప్రపంచానికి వెళ్లిపోతుంది, కొత్తదానిలో అందరూ ఖాళీ చేతులతో మొదలుపెడతారు. మొదటిసారి ఇది చాలా అన్యాయం అనిపించింది. అంత కష్టపడి సంపాదించింది ఎందుకు వదలాలి? తర్వాత అర్థమైంది. మాది సాగర్ ఎడమ కాలువ కింద పొలం. వానాకాలం ఎంత బాగా పండినా యాసంగికి మళ్లీ నారు పోయాల్సిందే. పోయిన పంట నుంచి మిగిలేది చేతికొచ్చిన పని ఒక్కటే. లీగ్ మొదటి రాత్రి ఏడేళ్లు ఆడిన నాకూ నిన్న చేరిన పిల్లవాడికీ సామాన్ల దగ్గర ఏ తేడా ఉండదు. ఎక్కడ ఏది దొరుకుతుందో నాకు తెలుసు, వాడికి ఇంకా తెలియదు, అంతే. ఆ రాత్రి కోసం నేను సెలవు పెట్టిన సందర్భాలు ఉన్నాయి.

ప్రతి లీగ్‌తో ఒక కొత్త పని కూడా వస్తుంది. డెల్వ్‌లో అయితే గని. నీకో అనే ముసలాయన బండి వెలుగు ఇస్తూ ముందు నడుస్తుంది, ఆ వెలుగు దాటితే చీకటే మనల్ని తినేస్తుంది. చేతిలో ఉన్న కొన్ని ఫ్లేర్లు (కాసేపు వెలుగిచ్చే మంటలు) నమ్ముకుని గోడ చాటున ఉన్న పెట్టె కోసం ఆ చీకట్లోకి పరుగెత్తాలి. ఆ టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు. డెల్వ్ ఆ తర్వాత ఆటలో శాశ్వతంగా ఉండిపోయింది, ఈనాటికీ దిగుతుంటాను.

రెండోది, మన మనిషిని మనమే తయారు చేసుకోవడం. ఏడు పాత్రలున్నాయి, కానీ అందరిదీ ఒకటే పెద్ద పాసివ్ చెట్టు, అంటే బలాలు ఎంచుకునే పటం. 1,300కు పైగా గుబ్బలున్న ఆ చెట్టులో ఒక్కొక్కరు ఒక్కో చోట మొదలుపెడతారు, అంతే తేడా. మన చేతికొచ్చేవి వందకు పైచిలుకు పాయింట్లు. వాటితో ఏ దారిలో పోవాలో మనమే తేల్చుకోవాలి. ఇక మంత్రాలు, దెబ్బలు అన్నీ రాళ్ల రూపంలో ఉంటాయి. వాటిని బట్టల్లో, ఆయుధాల్లో పొదుగుతాం. ఒక రాయికి ఇంకో రాయి జోడిస్తే దాని పనే మారిపోతుంది. ఫైర్‌బాల్‌కు గ్రేటర్ మల్టిపుల్ ప్రొజెక్టైల్స్ కలిపితే ఒక్క నిప్పుగోళం ఐదు అవుతుంది. స్పెల్ టోటెమ్ కలిపితే మన బదులు ఒక దిమ్మె నిలబడి గోళాలు విసురుతుంది. ఇలా ఒకదానికి ఒకటి కలుపుతూ ఆరు రాళ్ల దాకా పోవచ్చు.

నా మొదటి మంత్రగత్తె అస్థిపంజరాలను లేపేది. అవి కొట్టే దెబ్బ పెరగాలని చెట్టులో కనిపించినవన్నీ తీసుకుంటూ పోయాను, ప్రాణం సంగతే చూసుకోలేదు. ఏడో అంకానికి వచ్చేసరికి ఒక్క దెబ్బకే పడిపోయేది. ఒక్కో తప్పు పాయింటు వెనక్కి తీసుకోవడానికి అప్పట్లో ఆర్బ్ ఆఫ్ రిగ్రెట్ అనే వస్తువు ఒక్కోటి కావాల్సి వచ్చేది. అవి ఏరుకోవడానికే వారం పట్టింది. ఆ వారంలో ఈ ఆట గురించి నేర్చుకున్నంత మరే గైడు చదివీ నేర్చుకోలేదు. కొత్తవాళ్లు మాత్రం ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు, వాళ్లను తప్పు పట్టలేను. మొదటి పాత్ర అయినా ఎవరో పరీక్షించి పెట్టిన దారిలో ఆడండి.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది బేరం. ఈ ఆటలో చాలా ఏళ్లు బంగారమే లేదు. 2024 జులైలో సెటిలర్స్ ఆఫ్ కల్‌గూర్ లీగ్‌తో వచ్చింది గానీ దాన్ని ఇంకొకరికి ఇవ్వలేం. ఆటగాళ్ల మధ్య నడిచే డబ్బంతా ఆర్బులే, ప్రతి ఆర్బుకూ సొంతంగా ఒక పని ఉంటుంది. ఆర్బ్ ఆఫ్ ఆల్కమీ మామూలు కత్తిని మంచి కత్తిగా మారుస్తుంది. కేయాస్ ఆర్బ్ దాని గుణాలను మళ్లీ కొత్తగా వేస్తుంది. చేతిలో ఉన్నదాన్ని వాడుకోవాలా, ఇంకొకరికిచ్చి కావాల్సింది తెచ్చుకోవాలా అని ప్రతిసారీ ఆలోచించాలి. నా చిన్నప్పుడు మా ఊళ్లో బుట్ట నెత్తిన పెట్టుకొచ్చిన ఆమెకు చేటతో వడ్లు పోసి మా అమ్మ టమాటాలు తీసుకునేది. అవే వడ్లు దంచితే అన్నం, దాస్తే విత్తనం. ఆర్బును చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ చేట గుర్తొస్తుంది.

డబ్బు ఖర్చు గురించి చాలామంది అడుగుతారు. ఆటలో కొనే బట్టలు, మెరుపులు చూడటానికే, బలం ఇవ్వవు. కానీ సామాన్లు దాచుకునే స్టాష్ ట్యాబులు కొన్ని కొనక తప్పదు. ఏడేళ్లలో నాకు రెండున్నర వేల లోపే అయింది. ఎప్పుడూ చింతించలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. కథ ముగిసి మ్యాపుల్లోకి, అంటే ఆ తర్వాత ఆడే చోట్లలోకి వచ్చాక చనిపోతే ఆ లెవల్‌కు కావాల్సిన అనుభవంలో పది శాతం పోతుంది. 95వ లెవల్ దాటాక ఆ పది శాతం అంటే రెండు మూడు రాత్రుల పని. ఒకసారి గాలివానకు కరెంటు పోయింది, రౌటర్ ఆగింది, తిరిగొచ్చేసరికి నా మనిషి నేల మీద ఉన్నాడు. మర్నాడే రౌటర్‌కు చిన్న యూపీఎస్ తెచ్చుకున్నాను. మీ ఊళ్లో కరెంటు మాటిమాటికీ పోతుంటే ముందే తెచ్చుకోండి.

2024 డిసెంబరు నుంచి రెండో భాగం కూడా ముందస్తుగా అందుబాటులోకి వచ్చింది. అందులో పక్కకు దొర్లి దెబ్బ తప్పించుకోవచ్చు, పోరాటం నెమ్మది. బాగుంది, కానీ నేను ఇంకా మొదటి దాంట్లోనే ఉన్నాను.

దానికి కారణం మా చిన్నాన్న కొడుకు. వాడిది దేవరకొండ, ఇప్పుడు దోహాలో పని. మాకు రాత్రి పదిన్నర అయితే వాడికి ఎనిమిది, డ్యూటీ దిగి అన్నం తిని వస్తాడు. ఫోన్ చేస్తే ఇద్దరికీ నాలుగు మాటలకు మించి దొరకవు. ఆటలో ఒక మ్యాపు పట్టుకుని నడుస్తుంటే మాత్రం నానమ్మ మోకాళ్ల నొప్పుల నుంచి వాడి గది అద్దె దాకా అన్నీ వస్తాయి. నా మంత్రగత్తె ఏడో అంకంలో పడిపోతున్నప్పుడు, "అన్నా, ముందు ప్రాణం చూసుకో" అని ఒక జత బూట్లు ఇచ్చాడు. ఆమె ఇప్పుడు స్టాండర్డ్‌లో ఉంది, 87వ లెవల్. ఆ బూట్లు ఇంకా ఆమె కాళ్లకే ఉన్నాయి.