జూలియా డొనాల్డ్‌సన్ బొమ్మల కథలు: ఆరేళ్ళు పైకి చదివాక

పిల్లల కోసం ప్రాసలతో బొమ్మల కథలు రాసే బ్రిటిష్ రచయిత్రి జూలియా డొనాల్డ్‌సన్ పుస్తకాన్ని పైకి చదవాలి, అదీ తాళం తప్పకుండా. తాళం తప్పితే ఇంత పేరున్న పుస్తకంలో ఏముందిరా అనిపిస్తుంది. తాళం కుదిరితే అదే పుస్తకం వందోసారి చదువుతున్నా నోటికి హాయిగా ఉంటుంది. రెండేళ్ళ పిల్లల నుంచి ఏడేళ్ళవాళ్ళ దాకా, ఆరేళ్ళుగా చదివి వినిపించిన అనుభవంతో రాస్తున్నాను.

ఆవిడ మొదట పాటలు రాసిన మనిషి. 1993లో వచ్చిన తొలి పుస్తకం ‘ఎ స్క్వాష్ అండ్ ఎ స్క్వీజ్’ అంతకుముందు బీబీసీ పిల్లల కార్యక్రమం కోసం కట్టిన పాటే. అందుకే ఏ పుస్తకం తీసినా లైనుకు ఇన్ని దెబ్బలని లెక్క ఉంటుంది. అడవిలో తనని తినబోయే జంతువుల్ని ఓ ఎలుక గ్రఫలో అనే భయంకరమైన మృగం పేరు చెప్పి బెదిరించే ‘ద గ్రఫలో’లో (1999) నాలుగు. ‘ఎ మౌస్ టుక్ ఎ స్ట్రోల్ త్రూ ద డీప్ డార్క్ వుడ్’ అనే తొలి లైనులో దెబ్బ పడేది మౌస్, స్ట్రోల్, డీప్, వుడ్ మీద. తెలుగు నోటికి ప్రతి అక్షరాన్నీ సమానంగా పలికే అలవాటు కాబట్టి, మనం చదివితే ఈ లైను వార్తలు చదివినట్టు సాగిపోతుంది. చేత్తో తొడ మీద నాలుగు దెబ్బలు వేసుకుంటూ ఆ నాలుగు మాటల్నే ఒత్తండి. మధ్యలో వచ్చే చిన్న మాటల్ని తేలిగ్గా దాటేయండి. పిల్లలకి వినిపించే ముందు మొదటి రెండు పేజీలు ఇలా రెండుసార్లు చదువుకుంటే చాలు, మిగతాది దానంతటదే దొర్లుతుంది. మొత్తం ఐదారు నిమిషాల పని.

ఇంకో చిక్కు ఉచ్చారణ. ‘రూమ్ ఆన్ ద బ్రూమ్’ (2001) మొదటి పేజీలోనే మంత్రగత్తె టోపీకీ జడకీ అంత్యప్రాస వేసింది. జడకి ఆవిడ వాడిన ఇంగ్లిషు మాటని (plait) మనవాళ్ళు స్పెల్లింగు చూసి ‘ప్లెయిట్’ అని చదువుతారు, ప్రాస అక్కడే పోతుంది. బ్రిటన్‌లో దాన్ని ‘ప్ల్యాట్’ అంటారు. హ్యాట్, ప్ల్యాట్: ఇక అతుక్కుంది. ఎక్కడ ప్రాస కుదరలేదనిపించినా ముందు మీ ఉచ్చారణని అనుమానించండి. ఇన్నేళ్ళలో తప్పు దాదాపు ప్రతిసారీ చదివేవాళ్ళదే అయింది.

తెలుగు ఇళ్ళలో అందరూ చేసే పొరపాటు, లైను మధ్యలో ఆపి అర్థం చెప్పడం. దాంతో తాళమూ పోతుంది, కథా పోతుంది. అర్థం చెప్పాల్సింది పుస్తకం తెరవకముందు, బొమ్మలు చూపిస్తూ. గ్రఫలో వీపు మీద ముళ్ళు, ముక్కు చివర పులిపిరి, బుడిపెలు తేలిన మోకాళ్ళు ముందే వేలితో చూపించేస్తే చదివేటప్పుడు ఎక్కడా ఆగక్కర్లేదు. ఒక్క మాట మాత్రం తప్పనిసరిగా ముందే చెప్పాలి: క్రంబుల్. పండ్ల ముక్కల మీద పిండి, వెన్న, చక్కెర పొడిపొడిగా కలిపి చల్లి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం అది. చివర్లో ఎలుక ‘నాకిష్టం గ్రఫలో క్రంబుల్’ అనగానే అంత పెద్ద జంతువూ పరుగు లంకించుకుంటుంది. అది తినే వస్తువని తెలియని పిల్లలకి ఆ పరుగు ఎందుకో అర్థం కాదు, కథలో అసలైన నవ్వు జారిపోతుంది.

గ్రఫలో కథ కట్టిన తీరు చూడండి. ఎలుక వెళ్ళేటప్పుడు నక్క, గుడ్లగూబ, పాము ఎదురవుతాయి. నిజంగానే ఎదురైన గ్రఫలోని వెంటబెట్టుకుని తిరిగి వచ్చేటప్పుడు పాము, గుడ్లగూబ, నక్క. ఈ వరస వల్లే మూడేళ్ళ పిల్లలు కూడా తర్వాత ఎవరొస్తారో ముందే చెప్పేస్తారు. ఐదారుసార్లు విన్నాక ప్రాస మాట దగ్గర మీరు ఒక్క క్షణం ఆగండి, వాళ్ళే పూర్తి చేస్తారు. అంతకన్నా ఎక్కువసేపు ఆగితే మాత్రం అది పరీక్ష అయిపోతుంది, పిల్లలు ముడుచుకుపోతారు. దీని మూలం పులిని వెంటబెట్టుకుని నడిచి అందర్నీ భయపెట్టిన నక్క కథ, చైనా జానపదం. పులితో ప్రాస కుదరక ఆవిడ గ్రఫలోని పుట్టించింది. సింహాన్ని బావిలోకి దూకించిన మన పంచతంత్రం కుందేలు తెలిసిన పిల్లలు ఈ ఎలుకని ఇట్టే తమదిగా చేసుకుంటారు.

మొదట కొనాల్సింది మాత్రం గ్రఫలో అని నేననను. ‘మంకీ పజిల్’ (2000) కొనండి. తప్పిపోయిన కోతిపిల్లకి సీతాకోకచిలుక సాయం చేస్తానంటూ ఏనుగు దగ్గరికీ, పాము దగ్గరికీ, సాలీడు దగ్గరికీ తీసుకెళ్తుంది. తన పిల్లలు గొంగళిపురుగులు కదా, పిల్లలు అమ్మలాగే ఉంటారని దానికి తెలీదు. ఇంత చక్కని కారణాన్ని ఆడుతూ పాడుతూ చెప్పిన పిల్లల పుస్తకాలు అరుదు. జంతువులన్నీ మన పిల్లలు ఎరిగినవే, కొత్త మాటలూ తక్కువ.

‘స్టిక్ మాన్’ (2008) నాలుగేళ్ళు దాటాకే. పొగగొట్టం, మంచుమనిషి, శాంతాక్లాజ్ గురించి ముందు చెప్పుకోవాలి. పైగా పుల్లమనిషిని పొయ్యిలో పెట్టే పేజీ దగ్గర చిన్నపిల్లలు నిజంగానే బెంబేలెత్తుతారు. నిద్రకు ముందు వద్దు, పగలు చదవండి.

‘ద గ్రఫలోస్ చైల్డ్’లో (2004) వెన్నెల్లో ఎలుక నీడ భూతమంత అయ్యే చోటు చాలామంది పిల్లలకి అంతుపట్టదు. గది చీకటి చేసి, ఫోను టార్చి గోడవైపు పెట్టి, చిన్న బొమ్మని టార్చికి దగ్గరగా జరపండి. నీడ గోడంతా పరుచుకుంటుంది. వెనక్కి, గోడవైపుకి జరిపితే కుంచించుకుపోతుంది. ఒక్కసారి చూస్తే ఇక వివరణ అక్కర్లేదు.

బొమ్మలు ఆక్సెల్ షెఫ్లర్‌వి, హాంబర్గ్‌లో పుట్టిన జర్మన్ చిత్రకారుడు. తర్వాతి పుస్తకాలు చాలావాటిలో ఎక్కడో ఓ మూల గ్రఫలోని దాచిపెడతాడు, వెతికించండి. లిడియా మంక్స్ బొమ్మలేసిన ‘వాట్ ద లేడీబర్డ్ హర్డ్’ (2009) కూడా మంచిదే, దొంగల కథ కాబట్టి ఐదేళ్ళవాళ్ళకి బాగా పడుతుంది.

మూడేళ్ళలోపు పిల్లలుంటే అట్ట పేజీల బోర్డు బుక్కే తీసుకోండి. అందులో బొమ్మలు చిన్నవైనా పేజీలు చిరగవు. పేపర్‌బ్యాక్‌ని వెనక్కి పూర్తిగా మడిచి ఒంటిచేత్తో పట్టుకుంటే రోజూ చదివే ఇంట్లో కొన్ని నెలలకే మధ్య పేజీలు వదులవుతాయి. కొన్నరోజే వీపు మీద, లోపల అట్ట కీలు దగ్గర వెడల్పాటి టేపు అంటించండి. తెరిచి మూసే అట్టముక్కలున్న పుస్తకాలు మాత్రం రెండేళ్ళవాళ్ళ చేతిలో వారం దాటవు.