గుంటూరులో పాత చీరలతో బొంతలు కుట్టిస్తామనే షాపుతో జాగ్రత్త

ఏ షాపో గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, రీల్స్‌లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది, "మీ అమ్మగారి చీరలు, మీ జ్ఞాపకాలు" అని వెనకాల వీణ మ్యూజిక్ కూడా పెడతారు. పేరు రాస్తే పోస్టు తీయించేస్తారని రాయడం లేదు.

పిల్లల సెలవులకి హైదరాబాద్ నుంచి కారులో తెనాలి వచ్చి, అమ్మని ఎక్కించుకుని సూర్యలంక వెళ్దామనుకున్నాం. తెనాలి నుంచి బాపట్లకి తిన్నగా పోవచ్చు. ఈ మహానుభావుడి కోసం పనిగట్టుకుని, ఆ ఎండలో, గుంటూరు తిరిగి వెళ్లాం. పెట్టెలోంచి అమ్మమ్మ చీరలు ఆరు తీశాం. ఐదు వాయిల్, ఒకటి జరీ అంచు వెంకటగిరి. చేత్తో కుట్టాలంటే చాలా రోజులు పడుతుందమ్మా, మిషన్ కుట్టయితే మీరు బీచ్ నుంచి తిరిగొచ్చేసరికి రెడీ అన్నాడు. కుట్టుకూలి 1,800, మొత్తం ముందే ఇవ్వాలన్నాడు, ఇచ్చాం. అడ్వాన్సు చాలదా అని మా ఆయన అడిగితే "మా దగ్గర అలాంటివి ఉండవు సార్" అన్నాడు, అదేదో గొప్ప అయినట్టు.

తిరిగొచ్చి బొంత తీసుకున్నాం. పైన ఉన్న వాయిల్ చీర మాదే, కింద గుడ్డ కూడా మాదే, అమ్మ మురిసిపోయింది కూడా. కానీ బరువు తేడాగా ఉంది. ఆరు చీరల బొంత అంత తేలిగ్గా ఉండదు, పైగా చేత్తో నొక్కితే లోపల అక్కడక్కడా ఉండలు కట్టినట్టు తగులుతోంది. అమ్మమ్మ చీరలన్నిటికీ చెంగు మూల చాకలి నల్లజీడితో పెట్టిన గుర్తు ఉంటుంది, రెండు చుక్కలు, ఒక గీత. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదది. ఆ గుర్తు పైచీర మీద ఉంది, కింది చీర మీదా ఉంది. మిగతావి లోపల ఉండి ఉంటాయిలే అనుకుంటూనే షాపు ముందే కారులో కూర్చుని పిన్నీసుతో మూల కుట్లు నాలుగు విప్పాను.

లోపల బనియన్ గుడ్డ కటింగులు, ఎవరిదో చుడీదార్ ముక్క, ఇంకా ఎన్నికల తోరణాల గుడ్డ. పార్టీ గుర్తు సగం కనిపిస్తోంది. మా అమ్మమ్మ ఓటు ఎవరికేసిందో తాతయ్యకి కూడా చెప్పలేదు, ఇప్పుడు ఆవిడ పేరు మీద ఏకంగా జెండా కప్పుకోవాలి మేము.

పట్టుకెళ్లి గల్లా పెట్టె ముందు పెట్టాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "లోపల ఏదుంటే ఏంటి మేడం, కప్పుకునేది పైనేగా." వెంకటగిరి ఏదండీ అంటే, జరీ ఒంటికి గుచ్చుకుంటుందని అంచులు కత్తిరించేశామన్నాడు. మరి ఆ అంచులేవి? చెత్తలో పోయాయట. మిగతా చీర? అదీ చినిగిపోయిందట. అప్పటిదాకా మాట్లాడని అమ్మ, "బాబూ, అది మా అమ్మ పేరంటాలకి కట్టుకున్న చీర" అంది. దానికి ఆ పెద్దమనిషి చీటీ తీసి మా ముందు తిప్పి పెట్టి, దాని మీద వేలు పెట్టి మరీ చూపించాడు: "పాత గుడ్డలు – 6." "ఇందులో వెంకటగిరి అని ఎక్కడుందమ్మా? కావాలంటే రెండొందలు తగ్గించుకుంటాను, పాత గుడ్డలకి ఇంత గొడవేంటి, బేరం వచ్చే టైము."

బొంతలో ఆ ముక్కలు కూరినా ఊరుకునేదాన్నేమో కానీ ఆ వేలు చూస్తే ఒళ్లు మండిపోయింది. పక్కనే అద్దాల కౌంటరుకి ఏం అంటించి ఉందో తెలుసా? "పాత పట్టు చీరలు, జరీ కొనబడును." ఇంకేం కావాలి! పాతకాలం అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పూసింది, కాల్చి వెండి తీస్తారు, అందుకే పాత చీరలకి ఇంటింటికీ తిరుగుతారు. ఈయనకి తిరిగే పని కూడా లేదు, మనమే కారేసుకుని, పెట్రోలు పోసుకుని, కూలి కూడా ముందే కట్టి ఇచ్చి వస్తున్నాం. ఆ బోర్డు ముందురోజు నా కంటికి ఎందుకు కనపడలేదో, బుద్ధి ఉండాలి నాకు.

గట్టిగా అడిగేసరికి పక్క షాపుల వాళ్లు వచ్చి "పోనీలేమ్మా, ఎండలో ఎందుకు" అని సర్దిచెప్పడం మొదలుపెట్టారు. మా ఆయన కూడా అదే పాట. డబ్బు వాపసు ఇవ్వలేదు, అసలు బిల్లు ఇవ్వమంటే "ఎస్టిమేట్ చీటీయే మా బిల్లు" అన్నాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. మనం ఉండే ఊళ్లోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, గుంటూరు తిరగక్కర్లేదు, ఇంత చిన్న మొత్తాలకి ఫీజు కూడా లేదు. వేస్తున్నాను.

మీరెవరైనా ఇవ్వాల్సి వస్తే చీర చీరకీ ఫొటో తీసుకోండి, చీటీ మీద ఏ చీరో పేరు రాయించండి, జరీ చీర మాత్రం అసలు ఇవ్వకండి. వీలైతే ఊళ్లో కుట్టేవాళ్లని ఇంటికి పిలిపించి కళ్లముందే కుట్టించుకోండి. ఈ షాపులో ఇలాగే పోగొట్టుకున్నవాళ్లు చీటీ ఫొటో నాకు మెసేజ్ చేయండి, నా ఫిర్యాదుతో పాటు జత చేస్తాను.